ఆగిన సీజన్, పెరిగిన పిల్లలు: కరోనా కాలపు అథ్లెటిక్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) గ్రౌండ్‌లో పొద్దున ప్రాక్టీసు అయ్యాక తల్లిదండ్రులు ఇప్పటికీ ఇవే అడుగుతుంటారు. 2020లో మీట్లు ఎందుకు లేవు, పిల్లల ఏజ్ గ్రూపు ఎట్లా మారిపోయింది, ఫెడరేషన్ అప్పుడు ఏం చేసింది అని. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జగిత్యాల నుంచి ఫోన్లు కూడా వస్తాయి. ఇక్కడి పిల్లల కోచ్‌ను కాబట్టి, అందరికీ పనికొస్తుందని ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దానికే వెళ్లి చదువుకోవచ్చు.

## ఆగిపోయిన రోజులు

ఈ ఫెడరేషన్ అంటే ఎవరు సార్? మన జిల్లా అసోసియేషన్ వేరు, ఇది వేరా?

వేరే. అథ్లెటిక్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా అనేది జాతీయ సంస్థ, అందరూ ఏఎఫ్ఐ అంటారు. 1946లో పుట్టింది. దేశంలో పరుగు, జంప్, త్రో, నడక పోటీలకు అదే పెద్దదిక్కు. దాని కింద రాష్ట్ర సంఘాలు, వాటి కింద జిల్లా సంఘాలు ఉంటాయి. ఏఎఫ్ఐకి పైన ప్రపంచ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ ఉంటుంది. కరోనా సమయంలో ఏఎఫ్ఐ అధ్యక్షుడు ఆదిల్ సుమారివాలా. ఆయన 1980 మాస్కో ఒలింపిక్స్‌లో 100 మీటర్లు పరుగెత్తిన ఆటగాడు. జాతీయ క్యాంపులు చాలావరకు స్పోర్ట్స్ అథారిటీ (శాయ్) కేంద్రాల్లో, కేంద్ర ప్రభుత్వ డబ్బుతో నడుస్తాయి. అందుకే ఆ రోజుల్లో ఫెడరేషన్ ఏం చేయాలన్నా క్రీడాశాఖ, హోంశాఖ, రాష్ట్ర ప్రభుత్వం, ఇన్ని గుమ్మాలు దాటాల్సి వచ్చింది.

2020లో మీట్లు సరిగ్గా ఎప్పుడు ఆగాయి?

మార్చిలో. ఇండియన్ గ్రాండ్ ప్రీ పోటీలు ఆ నెలలోనే మొదలవ్వాలి, ఏప్రిల్‌లో పంజాబ్‌లోని పటియాలాలో ఫెడరేషన్ కప్ ఉండాలి. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 24న టోక్యో ఒలింపిక్స్ వాయిదా, 25 నుంచి లాక్‌డౌన్. మూడు నాలుగు రోజుల్లో క్యాలెండర్ మొత్తం ఖాళీ అయింది. సెప్టెంబరులో మొదలుపెడదామని ఫెడరేషన్ ముందు అనుకుంది కానీ అప్పటికి కేసులు ఇంకా ఎక్కువయ్యాయి, కుదరలేదు. నవంబరు 29న ఢిల్లీ హాఫ్ మారథాన్ మాత్రం జరిగింది. అందులో రోడ్డు మీద పరుగెత్తింది ఎలైట్ రన్నర్లే, మిగతావాళ్లు ఎవరి ఊళ్లో వాళ్లు యాప్ పెట్టుకుని పరుగెత్తారు. అవినాశ్ సాబ్లే ఆ రోజు 1 గంట 30 సెకన్లలో జాతీయ రికార్డు పెట్టాడు. జాతీయ ట్రాక్ సీజన్ మళ్లీ మొదలైంది 2021 ఫిబ్రవరిలోనే.

ఫెడరేషన్‌కు గుర్తింపే పోయిందని అప్పట్లో వార్తలొచ్చాయి. అందుకే మీట్లు పెట్టలేదా?

కాదు. 2020 జూన్‌లో క్రీడాశాఖ 54 జాతీయ ఫెడరేషన్లకు తాత్కాలిక గుర్తింపు ఇచ్చి, ఢిల్లీ హైకోర్టు అభ్యంతరంతో అదే నెలలో వెనక్కి తీసుకుంది. ఇది అన్ని ఆటలకూ వచ్చిన చిక్కు, అథ్లెటిక్స్ ఒక్కదానికి కాదు. మీట్లు ఆగింది వైరస్ వల్ల.

మే నెలలోనే స్టేడియాలు తెరవొచ్చన్నారు కదా. మరి పిల్లల్ని ఎందుకు రానివ్వలేదు?

2020 మే 17న కేంద్ర హోంశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో, ప్రేక్షకులు లేకుండా స్టేడియాలు, స్పోర్ట్స్ కాంప్లెక్సులు తెరవొచ్చని ఉన్న మాట నిజమే. అది అనుమతి మాత్రమే, ఆదేశం కాదు. గేటు తీస్తే శానిటైజేషన్ ఎవరు చేస్తారు, ఒకరికి పాజిటివ్ వస్తే బాధ్యత ఎవరిది, ఇవన్నీ ముందుకొచ్చాయి. అన్నిటికంటే పెద్ద కారణం బడులు. తెలంగాణలో 2020 మార్చి 16 నుంచి బడులు మూతపడ్డాయి, తొమ్మిదో తరగతి పైవాళ్లకు మళ్లీ తెరిచింది 2021 ఫిబ్రవరి 1న. మన దగ్గర పిల్లలు గ్రౌండ్‌కు వచ్చేదే బడి ద్వారా. పీఈటీ సార్ లేడు, హాస్టల్ లేదు, బస్సు లేదు. గేటు తీసినా పరకాల పిల్ల హన్మకొండకు ఎట్లా వస్తుంది?

ఒలింపిక్ ఆటగాళ్లు మాత్రం పటియాలాలో ప్రాక్టీసు చేశారు. వాళ్లకో రూలు, మన పిల్లలకో రూలా?

ఈ ప్రశ్న కోపంతో అడుగుతారు. కోపం న్యాయమే, కానీ జరిగింది కూడా తెలుసుకోవాలి. లాక్‌డౌన్ మొదలైనప్పుడు పటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ), బెంగళూరు శాయ్ కేంద్రాల్లో ఉన్న క్యాంపు ఆటగాళ్లను అక్కడే ఉంచేశారు. అది సుఖమేమీ కాదు. ట్రాక్ కిటికీలోంచి కనబడుతుంటే గదిలో తాడాట, పుషప్స్ చేసుకుంటూ రెండు నెలలు గడిపారు. మే చివర్లో నిబంధనలు వచ్చాక చిన్న చిన్న జట్లుగా ట్రాక్ మీదికి వదిలారు.

టోక్యో పోటీలు రద్దు కాలేదు, వాయిదా పడ్డాయి. అప్పటికి నీరజ్ చోప్రా క్వాలిఫై అయి ఉన్నాడు, 2020 జనవరిలో దక్షిణాఫ్రికాలోని పాచెఫ్‌స్ట్రూమ్‌లో జావెలిన్ 87.86 మీటర్లు విసిరి. అలాంటివాళ్ల సాధన ఆగకూడదు. చేతిలో పరిమితంగా ఉన్న డబ్బు, డాక్టర్లు, గదులు ముందు వాళ్లకు పెట్టడం సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం.

నాకున్న బాధ వేరే. పై అంతస్తు కాపాడుకున్న ఆ శ్రద్ధలో పదో వంతు కింది అంతస్తుకు పెట్టి ఉండాల్సింది. 2021 జూన్‌కల్లా పెద్దవాళ్లు పటియాలాలో మీట్ తర్వాత మీట్ ఆడుకున్నారు. పద్నాలుగేళ్ల పిల్లలకు జిల్లా స్థాయిలో ఒక్క 60 మీటర్ల పరుగు పెట్టడానికి కూడా ఎవరి దగ్గరా పథకం లేదు. రాష్ట్ర, జిల్లా సంఘాలదీ అందులో భాగం ఉంది, మాలాంటి కోచ్‌లదీ ఉంది.

## ఇంటి దగ్గర ప్రాక్టీసు

గ్రౌండ్ లేని ఆ ఏడాది పల్లెల్లో పిల్లలు ఏం చేశారు?

ఎవరికి దొరికింది వాళ్లు చేశారు. వడ్డేపల్లి చెరువు కట్ట మీద, భద్రకాళి బండ్ మీద పొద్దున ఐదింటికే పరుగెత్తి, పోలీసు బండి వచ్చేలోపు ఇంటికి చేరినవాళ్లున్నారు. 2021 మే 12 నుంచి రెండో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మొదట్లో ఉదయం 6 నుంచి 10 దాకా సడలింపు ఉండేది. కూరగాయల సంచీ చేత్తో పట్టుకుని వెళ్లి, దాన్ని చెట్టుకు తగిలించి పరుగు మొదలుపెట్టేవాళ్లు.

నేను చూసినవాటిలో మరిచిపోలేనిది నర్సంపేట వైపు ఒక ఊళ్లో. 2020 మే మొదట్లో యాసంగి కోతలయ్యాయి. తారు రోడ్డుకు ఒక పక్క పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. మా దగ్గర 400 మీటర్లు పరుగెత్తే అమ్మాయి ఆ వడ్లకూ తెల్ల గీతకూ మధ్య మిగిలిన రెండడుగుల జాగాలో పరుగెత్తేది. వాళ్ల అమ్మ చీపురుతో పక్కకు పడ్డ గింజలు ఊడ్చుకుంటూ, బిడ్డ దాటినప్పుడల్లా గట్టిగా లెక్క పెట్టేది. ఒక కరెంటు స్తంభం నుంచి ఎనిమిదో స్తంభం దాకా ఒక రౌండు. లేన్ దాటితే డిస్‌క్వాలిఫై అన్న భయం కంటే, వడ్ల మీద కాలు పడితే అమ్మ కోప్పడుతుందన్న భయం ఎక్కువని ఆ పిల్ల చెప్పింది. తర్వాత ట్రాక్ మీదికి వచ్చాక చూస్తే వంపులో లోపలి గీతకు ఆనుకుని, ఒక్క అంగుళం వదలకుండా పరుగెత్తేది.

షాట్‌పుట్ పిల్లలు ఇసుక నింపిన సంచులు విసిరారు. హర్డిల్స్ పిల్లలు ఇటుకల మీద కర్రలు పెట్టుకుని దూకారు. ఇవి సాధన కిందికి వస్తాయా అని అడిగితే, వస్తాయనే చెబుతాను.

ఇంటి దగ్గర వాచ్ పెట్టి పరుగెత్తితే మా బాబుకు మంచి టైమింగ్ వచ్చింది. అది ఎందుకు లెక్కలోకి తీసుకోలేదు?

టైమింగ్ లెక్కలోకి రావాలంటే నాలుగు ఉండాలి. కొలిచి సర్టిఫై చేసిన ట్రాక్, ఫెడరేషన్ క్యాలెండర్‌లో ఉన్న మీట్, అర్హత ఉన్న టెక్నికల్ అధికారులు, ఎలక్ట్రానిక్ టైమింగ్. 100, 200 మీటర్లు, హర్డిల్స్, లాంగ్‌జంప్ అయితే గాలి మీటర్ కూడా. వెనక గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే రికార్డు చెల్లదు.

చేతి వాచ్‌కు, యంత్రానికి తేడా చిన్నదేమీ కాదు. తుపాకీ శబ్దం విని మన వేలు వాచ్ నొక్కేలోపు కొంత టైం పోతుంది. అందుకే 100 మీటర్ల చేతి టైమింగ్‌ను ఎలక్ట్రానిక్‌తో పోల్చేటప్పుడు 0.24 సెకన్లు కలుపుతారు. ఇంటి దగ్గర 11.2 వచ్చిన పిల్లవాడు ట్రాక్ మీద 11.44 పరుగెత్తితే వెనకబడ్డట్టు కాదు, అది అదే పరుగు.

ఒక ఏడాది పోటీ లేకపోతే ఏం పోతుంది సార్? ప్రాక్టీసు చేసుకుంటూనే ఉన్నాం కదా.

పెద్దవాళ్లకు ఫామ్ పోతుంది, మళ్లీ వస్తుంది. పిల్లలకు మెట్టు పోతుంది.

త్రోలు, హర్డిల్స్‌లో ఇది బాగా తెలుస్తుంది. అబ్బాయిల షాట్ (విసిరే గుండు) అండర్-18లో 5 కిలోలు, అండర్-20లో 6, సీనియర్లలో 7.26. జావెలిన్ అండర్-18లో 700 గ్రాములు, ఆ పైన 800. అమ్మాయిల షాట్ అండర్-18లో 3 కిలోలు, ఆ పైన 4. 110 మీటర్ల హర్డిల్ ఎత్తు అండర్-18లో 91.4 సెంటీమీటర్లు, అండర్-20లో 99.1, సీనియర్లలో 106.7. ఒక్కో గ్రూపులో రెండేళ్లు ఆడి, చెయ్యి అలవాటయ్యాక పై బరువుకు వెళ్లాలని ఈ ఏర్పాటు. 2020 మొదట్లో పదహారు నిండిన పిల్లవాడు అండర్-18లో ఒకటి రెండు మీట్లు కూడా చూడకుండానే 6 కిలోల గుండు ముందు నిలబడ్డాడు. భుజం నొప్పులతో వచ్చిన పిల్లల్ని ఆ ఏడాది చూసినంతగా నేను ఎప్పుడూ చూడలేదు.

ఇంకొకటి. 2020 ఫిబ్రవరిలో ఒక తండ్రి అప్పు చేసి కూతురికి స్పైక్స్ (అడుగున మేకులుండే పరుగు బూట్లు) కొన్నాడు, సైజు 4. ఏడాది తర్వాత మొదటి మీట్‌కు తీసేసరికి అడుగున ఒక్క మేకు కూడా అరగలేదు. పాదం మాత్రం పట్టలేదు.

కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లు వెంటనే పరుగెత్తొచ్చా?

వద్దు. జ్వరం తగ్గడం వేరు, గుండె, ఊపిరితిత్తులు కుదుటపడడం వేరు. ముందు నడక, తర్వాత మెల్లగా జాగింగ్, ఆ తర్వాతే వేగం. ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం, మామూలు కంటే ఎక్కువ ఆయాసం, వీటిలో ఏది కనిపించినా ఆపేసి డాక్టర్‌కు చూపించాలి. ఏ వైరల్ జ్వరమైనా ఇదే పద్ధతి మంచిది.

## మళ్లీ మొదలైనప్పుడు

బ్రేక్ తర్వాత మొదటి పెద్ద మీట్ ఏది?

2021 ఫిబ్రవరి 6 నుంచి 10 వరకు గువాహటిలో జరిగిన 36వ జాతీయ జూనియర్ పోటీలు. దీని ముందరిది, 35వది, 2019 నవంబరులో మనకు దగ్గర్లో గుంటూరులోనే జరిగింది. అంటే జూనియర్లకు రెండు నేషనల్స్ మధ్య పదిహేను నెలలు గడిచాయి. తర్వాత అదే ఫిబ్రవరిలో రాంచీలో నడక పోటీలు జరిగాయి. అక్కడ ప్రియాంక గోస్వామి 20 కిలోమీటర్లలో 1:28:45తో జాతీయ రికార్డు పెట్టి టోక్యోకు అర్హత సాధించింది. ఫిబ్రవరి 18 నుంచి పటియాలాలో గ్రాండ్ ప్రీలు మొదలయ్యాయి.

ఎప్పుడు చూసినా పటియాలాయే. వేరే ఊరే లేదా?

ఆ సమయంలో అది తెలివైన పనే. ట్రాక్, హాస్టల్, మెస్, జిమ్ అన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. క్యాంపు ఆటగాళ్లు గేటు దాటకుండా పోటీలో దిగొచ్చు. బయటి నుంచి వచ్చేవాళ్లను పరీక్షించి లోపలికి పంపితే సరిపోతుంది. అందుకే మార్చిలో ఫెడరేషన్ కప్, జూన్‌లో బెంగళూరు నుంచి మార్చిన అంతర్రాష్ట్ర పోటీలు, గ్రాండ్ ప్రీలు, అన్నీ అక్కడే.

ఫలితం కనబడింది. మార్చి 5న నీరజ్ 88.07 మీటర్ల జాతీయ రికార్డు విసిరాడు. ఫెడరేషన్ కప్‌లో శ్రీశంకర్ లాంగ్‌జంప్‌లో 8.26, కమల్‌ప్రీత్ కౌర్ డిస్కస్‌లో 65.06, అన్నూ రాణి జావెలిన్‌లో 63.24. జూన్ 21న తజిందర్‌పాల్ సింగ్ తూర్ షాట్‌పుట్‌లో 21.49. ఇవన్నీ జాతీయ రికార్డులు, ఖాళీ స్టాండ్ల ముందు.

దక్షిణాది, ఈశాన్య రాష్ట్రాల పిల్లలకు మాత్రం అది భారమే. కాజీపేటలో రైలెక్కి పటియాలా చేరి, అక్కడ పరీక్ష రిపోర్టు కోసం ఆగి, ఒక్క హీట్ (మొదటి రౌండు) పరుగెత్తి తిరిగి రావడం అందరి వల్లా అయ్యే పని కాదు.

ఒలింపిక్ క్వాలిఫికేషన్ ఆపేశారంటే ఏమిటి అర్థం?

2020 ఏప్రిల్ 6 నుంచి నవంబరు 30 వరకు ఎవరు ఎంత బాగా ఆడినా టోక్యో అర్హతకు లెక్కించబోమని వరల్డ్ అథ్లెటిక్స్ చెప్పింది. ఒక దేశంలో గ్రౌండ్లు తెరిచి ఉండి, ఇంకో దేశంలో మూసి ఉంటే అన్యాయమవుతుందని. అప్పటికే అర్హత సాధించినవాళ్లది అలాగే ఉంచారు. డిసెంబరు 1న మళ్లీ తెరిచి, ట్రాక్, ఫీల్డ్ అంశాలకు 2021 జూన్ 29 దాకా సమయమిచ్చారు. పటియాలాలో అంతర్రాష్ట్ర పోటీలు సరిగ్గా జూన్ 25 నుంచి 29 వరకు ఎందుకు పెట్టారో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆఖరి రోజు వరకు పిల్లలకు ఒక అవకాశం ఉండాలని.

వరల్డ్ రిలేస్‌కు మన జట్టు ఎందుకు వెళ్లలేదు?

విమానం లేక. 2021 మే 1, 2 తేదీల్లో పోలండ్‌లోని సిలేసియాలో పోటీలు. రెండో వేవ్ వల్ల ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా వెళ్లాల్సిన విమానాలు రద్దయ్యాయి, వేరే దారి దొరకలేదు. పెట్టెలు సర్దుకున్నాక ఆగిపోవడం ఎంత బాధో పోటీకి తయారైనవాళ్లకే తెలుస్తుంది. అదే ఏడాది ఆగస్టులో టోక్యోలో మన పురుషుల 4x400 రిలే జట్టు ఫైనల్ చేరకపోయినా 3:00.25తో ఆసియా రికార్డు పెట్టింది.

జూనియర్ వయసు దాటిపోయినవాళ్లకు ఒక ఏడాది కలిపి ఇవ్వలేదా?

ఇవ్వలేదు. 2020లో నైరోబీలో జరగాల్సిన ప్రపంచ అండర్-20 పోటీలు 2021 ఆగస్టుకు మారాయి. వయసు మాత్రం 2021 డిసెంబరు 31 లెక్కనే చూశారు. అంటే 2001లో పుట్టినవాళ్లు ఒక్క రోజు కూడా పోటీ పడకుండానే బయటికి వెళ్లిపోయారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అలా చేయలేదు. అండర్-23 జట్లలో ఆడాల్సినవాళ్లను ఏడాది పెద్దయినా టోక్యోలో ఆడనిచ్చారు. అథ్లెటిక్స్‌లో కూడా ఆ పని చేయొచ్చని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

నైరోబీలో మనకు మూడు పతకాలొచ్చాయి. శైలీ సింగ్‌కు లాంగ్‌జంప్‌లో, అమిత్ ఖత్రికి నడకలో వెండి, మిక్స్‌డ్ రిలేకు కాంస్యం. వయసు దాటినవాళ్లకు మన దేశంలో కొంత ఊరట దొరికింది. 2021 సెప్టెంబరు చివర్లో ఢిల్లీలో మొదటిసారి జాతీయ అండర్-23 పోటీలు పెట్టారు. ఇరవై దాటిన పిల్లలు నేరుగా సీనియర్ల మధ్య పడిపోకుండా అది ఒక మెట్టు అయింది.

మా బిడ్డ 2019లో తిరుపతి మీట్‌కు ఎంపికైంది. మళ్లీ ఆ మీట్ ఎప్పుడు పెట్టారు?

జిల్లాల నుంచి నేరుగా పిల్లల్ని పిలిచే జాతీయ అంతర్ జిల్లా జూనియర్ మీట్ గురించి మీరు అడుగుతున్నారు. 2019 నవంబరులో తిరుపతిలో జరిగింది. ఆ తర్వాతది 2023 ఫిబ్రవరిలో, పట్నాలో. మధ్యలో మూడేళ్లకు పైగా ఖాళీ.

ఈ పోటీ అండర్-14, అండర్-16 పిల్లల కోసం. ఇప్పుడు లెక్క చూడండి. తిరుపతిలో పదమూడేళ్ల పిల్ల పట్నా నాటికి పదహారు దాటింది. 2020లో పదమూడేళ్లు వచ్చిన పిల్లకైతే ఆ తర్వాత అండర్-14లో ఆ తలుపు మళ్లీ తెరుచుకోనే లేదు. పెద్ద ఆటగాళ్లకు ఒలింపిక్స్ ఏడాది ఆలస్యమయ్యాయి, అంతే. ఈ పిల్లలకు ఆ మీట్ ఆలస్యం కాలేదు, లేకుండానే పోయింది. మన మారుమూల మండలం పిల్లకు రాష్ట్ర జట్టు, క్యాంపు, పెద్ద కోచ్ కంట్లో పడడం, అన్నిటికీ దారి ఈ మీటే. ఫెడరేషన్ ఆ రెండేళ్లలో చేసిన మంచి పనులు చాలా ఉన్నాయి. ఈ మీట్‌ను 2021 చివర్లోనో, 2022లోనో చిన్నగానైనా పెట్టి ఉంటే బాగుండేదని మాత్రం గట్టిగా చెబుతాను.

## హన్మకొండ నేషనల్స్

2021లో మన స్టేడియంలో జరిగిన పోటీ ఏది? నీరజ్ చోప్రా వచ్చాడా?

అవి 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు, సెప్టెంబరు 15 నుంచి 19 వరకు, హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోని సింథటిక్ ట్రాక్ మీద. అంతకు నెల ముందే వరంగల్ అర్బన్ జిల్లా పేరు హన్మకొండ జిల్లాగా మారింది. నీరజ్ పోటీ పడలేదు. ఆగస్టు 7న టోక్యోలో 87.58 మీటర్లతో బంగారం గెలిచి అప్పటికి ఆ సీజన్ ముగించాడు. ఆగస్టు 7ను జాతీయ జావెలిన్ దినంగా జరపాలని ఫెడరేషన్ ఆ నెలలోనే ప్రకటించింది.

దీని ముందరి ఓపెన్ పోటీలు, 59వవి, 2019 అక్టోబరులో రాంచీలో జరిగాయి. నంబరు తప్పలేదు, ఏడాది తప్పింది. సర్టిఫికెట్ల మీద 59 పక్కన 2019, 60 పక్కన 2021 చూసి, మధ్యలో ఒక మీట్ మిస్సయ్యామని కంగారుపడేవాళ్లకు ఇదే జవాబు.

ఆ మీట్‌లో రికార్డు వచ్చిందంటారు, నిజమేనా?

నిజం. సెప్టెంబరు 16న మహిళల 1500 మీటర్లలో పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 4:05.39లో పరుగెత్తింది. సునీతా రాణి 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో పెట్టిన 4:06.03 రికార్డు పంతొమ్మిదేళ్లు నిలిచి, మన ట్రాక్ మీద బద్దలైంది. నా పక్కన నిలబడ్డ మా పిల్ల ఒకతి తన వాచ్ కూడా నొక్కి ఉంచింది. బోర్డు మీద అంకెలు వచ్చాక తన వాచ్ చూసుకుని, మాట లేకుండా నా ముందు పెట్టింది. వాచ్ మీద చెమట తుడిచి మరీ చదివాను. ఆ రికార్డును 2024 మేలో కె.ఎం. దీక్ష 4:04.78తో దాటింది. హర్మిలన్ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 800, 1500 రెండింటిలోనూ వెండి గెలిచింది.

మన ఊళ్లో నేషనల్స్ జరుగుతుంటే గురుకులం పిల్లలు ఎందుకు కనిపించలేదు?

2021 సెప్టెంబరు 1న మామూలు బడులు తెరిచారు. గురుకులాలు, హాస్టళ్లు మాత్రం హైకోర్టు ఉత్తర్వుతో అక్టోబరు దాకా తెరుచుకోలేదు. ఒకే గదిలో అంతమంది పడుకునే చోట జాగ్రత్త అవసరమే, కోర్టును తప్పు పట్టను. కానీ ఉత్తర తెలంగాణలో పరుగెత్తే ఆడపిల్లల్లో చాలామంది గురుకులాల పిల్లలే. దేశంలోని మంచి రన్నర్లంతా మన ఊరికొచ్చిన ఆ ఐదు రోజులూ వాళ్లు పత్తి చేలల్లో, ఇళ్లల్లో ఉన్నారు. ఇద్దరు పిల్లలకు నేను ఫోన్‌లో వీడియో కాల్ పెట్టి కాసేపు చూపించాను. సిగ్నల్ సరిగా లేక పరుగు మధ్యలోనే బొమ్మ ఆగిపోయింది.

## ఇప్పుడు అడుగుతున్నవి

ఉద్యోగానికి అప్లై చేస్తుంటే 2020 సర్టిఫికెట్ ఏదని అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

ఆ ఏడాది మార్చి నుంచి ఏఎఫ్ఐ జాతీయ ట్రాక్ పోటీలు జరగలేదని చెప్పాలి, అంతే. లేని మీట్‌కు సర్టిఫికెట్ ఉండదు. 2019, 2021 ఓపెన్ పోటీల వరుస నంబర్లు చూపిస్తే (59, 60) అడిగినవాళ్లకు అర్థమవుతుంది. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాలో జాతీయ పోటీలకు ఫారం-2 అడుగుతారు. దాని మీద జాతీయ ఫెడరేషన్ లేదా రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం ఉండాలి. స్కూల్ గేమ్స్‌కు ఫారం-4, యూనివర్సిటీ పోటీలకు ఫారం-3. ఒకదాని బదులు ఇంకోటి పెడితే తిప్పి పంపుతారు. నోటిఫికేషన్‌లో ఎన్నేళ్ల లోపు ప్రదర్శన అడిగారో కూడా చూసుకోండి.

సర్టిఫికెట్ పోయింది. మళ్లీ ఇస్తారా?

రాష్ట్ర సంఘానికి రాతపూర్వకంగా అడగండి. మీట్ పేరు, తేదీ, ఈవెంట్, చెస్ట్ నంబర్ గుర్తుంటే రాయండి. ఫలితాల కాపీ జతచేస్తే పని త్వరగా అవుతుంది.

రెండేళ్లు ఊరికే పోయాయి కదా సార్, ఆధార్‌లో వయసు రెండేళ్లు తగ్గిస్తే ఏమవుతుంది?

దయచేసి వద్దు. పోయిన ఏడాదుల బాధ నాకు తెలుసు, కానీ ఇది దారి కాదు. చిన్న వయసు గ్రూపుల్లో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదల చూస్తారు. కాగితం ఒకటి, ఎముక ఒకటి చెబితే పిల్లను వెనక్కి పంపుతారు, ఆ మచ్చ పేరు మీద ఉండిపోతుంది. ఒక మీట్‌లో ఇలా వెనక్కి పంపిన అబ్బాయిని చూశాను. తప్పు చేసింది పెద్దలు, తలవంచుకుని బ్యాగు సర్దుకుంది వాడు. పైగా మీ బిడ్డ తగ్గించిన ఆ రెండేళ్లు నిజంగా పద్నాలుగేళ్లున్న ఇంకో పిల్ల దగ్గర లాక్కున్నవి.

మీట్ సర్క్యులర్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ మధ్య పుట్టినవాళ్లు అర్హులో స్పష్టంగా ఇస్తారు. తరగతిని బట్టి కాకుండా ఆ తేదీలు చూసి ఎంట్రీ పంపండి.

హాంగ్‌జౌ క్రీడల మీద 2022 అని ఉంటుంది, జరిగింది 2023లో అంటారు. దీప్తి పతకం ఏ ఏడాదిది? ఆమె కూడా ఏఎఫ్ఐ కిందేనా?

చైనాలో కోవిడ్ వల్ల 2022 ఆసియా క్రీడలు, పారా ఆసియా క్రీడలు రెండూ 2023కు వెళ్లాయి, పేరులో 2022 అలాగే ఉంచారు. మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి 400 మీటర్ల టీ20 విభాగంలో (మానసిక ఎదుగుదలలో ఇబ్బంది ఉన్నవాళ్ల పోటీ) బంగారం గెలిచింది 2023 అక్టోబరులో. తర్వాత 2024లో జపాన్‌లోని కోబె ప్రపంచ పారా పోటీల్లో 55.07తో బంగారం, పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. పారా పోటీలు చూసేది పారాలింపిక్ కమిటీ ఆఫ్ ఇండియా, ఏఎఫ్ఐ కాదు. మానసిక ఎదుగుదలలో ఇబ్బంది ఉన్న పిల్లలు బాగా పరుగెత్తుతుంటే ఈ దారి కూడా ఉందని తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

మళ్లీ అలాంటి మూసివేత వస్తే మన పిల్లల సంగతేంటి?

జిల్లా సమావేశాల్లో నేను చెబుతూ వస్తున్నది ఇది. మీట్ అంటే ఐదు రోజులు, వందల మంది అనుకోకూడదు. ఒక పొద్దున ఒకే ఈవెంట్, ఒకే ఏజ్ గ్రూపు, ఇరవై మంది పిల్లలు, ఇద్దరు అధికారులు, ఒక వాచ్ బదులు ఒక యంత్రం. వారానికొకటి పెట్టినా ఏడాదిలో ఏ పిల్లా మెట్టు తప్పదు. మట్టి గ్రౌండైనా సరే, కొలిచి గీతలు వేస్తే చాలు. చిన్న పిల్లల పోటీలే ముందు తెరవాలి, ఎందుకంటే వాళ్ల దగ్గరే టైం తక్కువ.

మీరు చేయగలిగింది కూడా ఉంది. ప్రతి నెలా ఒక తేదీన పిల్ల ఎత్తు, పాదం సైజు, 60 మీటర్ల టైమింగ్, నిలబడి దూకిన దూరం ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. వడ్ల పక్కన పరుగెత్తిన ఆ అమ్మాయి వాళ్ల అమ్మకు చదువు రాదు. కరెంటు స్తంభాల లెక్కను ఇంటి తలుపు వెనక బొగ్గుతో గీతలుగా పెట్టింది. మళ్లీ ప్రాక్టీసు మొదలైనప్పుడు ఆ తలుపు ఫొటో తీసి తెచ్చారు. ఆ గీతలు లెక్కపెట్టే ఆమెకు మొదటి నెల వర్కవుట్ రాసిచ్చాను.